పక్కగాలి కొడుతున్నప్పుడు తెరచాప పడవను ట్రైలర్ మీదికి ఎక్కించడం ఎలా?

కొత్తచుక్కాని
నా పడవ ఆరున్నర మీటర్ల పొడవు, సుమారు 900 కిలోల బరువు ఉంటుంది. పైకి ఎత్తుకోగలిగే సెంటర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా అడుగున నీళ్ళలోకి దింపే పలక), వెనుక చిన్న ఔట్‌బోర్డ్ మోటారు ఉన్నాయి. గాలి లేని రోజున దానిని ట్రైలర్ మీదికి ఎక్కించడానికి నాకూ మా అక్కకూ పది నిమిషాలు కూడా పట్టదు. గత ఆదివారం మాత్రం 18 నాట్ల (గంటకు సుమారు 33 కిలోమీటర్ల) పక్కగాలిలో గంటకు పైగా అవస్థ పడ్డాం. ర్యాంప్ మీద, అంటే నీళ్ళలోకి దిగే వాలు మీద నిలబడి నీళ్ళవైపు చూస్తే ఎడమచేతి పక్కన జెట్టీ ఉంటుంది. గాలి ఆ జెట్టీ మీదుగానే వచ్చి పడవను కుడివైపుకు నెట్టింది. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ పడవ ముక్కు వించ్ (ట్రైలర్ ముందు చివర పట్టీని చుట్టి పడవను లాగే చేతి చక్రం) దగ్గరికి సరిగ్గానే చేరింది, కాని పట్టీ కొక్కెం తగిలించి నాలుగు చుట్లు తిప్పేలోపే వెనుక భాగం తిరిగిపోయి పడవ ట్రైలర్‌కు అడ్డం పడింది. అక్క నడుము లోతు నీళ్ళలో కుడివైపున నిలబడి రెండు చేతులతో పడవను నెడుతూనే ఉంది, అయినా ఆగలేదు. మూడోసారి మడ్‌గార్డు బోల్టు పడవ పొట్టకు రాసుకుని జానెడు పొడవున గీత పడింది. తడిమి చూస్తే గోరు దిగేంత లోతుగా ఉంది. చివరికి అక్కడున్న మరో నలుగురు వచ్చి సాయం పట్టారు. ఇలాంటి గాలిలో ఇద్దరే మనుషులు ఈ పని ఎలా చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

రేవుకాపరి
రెండు విషయాలు తెలిస్తే గాని జవాబు చెప్పలేము. ట్రైలర్‌ను ఎంత లోతుకు దించారు? ట్రైలర్ దగ్గరికి వచ్చే సమయానికి సెంటర్‌బోర్డ్ ఎక్కడ ఉంది?

కొత్తచుక్కాని
మడ్‌గార్డులు పూర్తిగా మునిగేదాకా దించాను. బంకులు, అంటే పడవ అడుగు ఆనే పొడవాటి దిమ్మెలు, ఎక్కడా కనబడలేదు. పడవ తేలికగా లోపలికి జారుతుందన్న ఉద్దేశంతోనే అంత లోతు పెట్టాను. సెంటర్‌బోర్డ్ ట్రైలర్‌కు తగులుతుందన్న భయంతో చాలా ముందుగానే, జెట్టీకి యాభై మీటర్ల దూరంలోనే పూర్తిగా ఎత్తేశాను.

మూడోమోకు
మీ కష్టానికి మూలం ఈ రెండు జవాబుల్లోనే ఉంది. గాలి లేని రోజున లోతు ఎక్కువైతే లాభమే గాని నష్టం లేదు, ఎందుకంటే పడవను పక్కకు తోసేది ఏదీ ఉండదు. గాలి ఉన్న రోజున అదే లోతు శత్రువు అవుతుంది. బంకులు పూర్తిగా మునిగి ఉంటే పడవ అడుగు దేనికీ ఆనదు, ముక్కు దగ్గర పట్టీ ఒక్కటే దానికి ఆధారం. అప్పుడు ఆ ముక్కే కీలు అవుతుంది, మిగిలిన పడవంతా కీలు మీద తలుపులా తిరుగుతుంది. తలుపును కీలు దగ్గర పట్టుకుని ఆపాలంటే ఎంత బలం కావాలో మీరు ఆదివారం చూశారు.

నేను గాలి ఉన్న రోజున బంకుల ముందు చివర ఒకటి రెండు జానల మేర నీటి పైకి కనబడేలా ట్రైలర్‌ను నిలుపుతాను. పడవ ముక్కు వచ్చి ఆ రెండు బంకుల మధ్య ఆనుతుంది, ఆనిన చోట రాపిడి పుడుతుంది, ఆ రాపిడే ముందు సగాన్ని నిలబెడుతుంది. మిగిలిన దూరం వించ్‌తో లాగాలి. కొంచెం బరువుగా తిరుగుతుంది, ఆ శ్రమకు సిద్ధపడాలి. బంకుల మీద వేసిన కార్పెట్‌ను ముందే బాగా తడిపి ఉంచితే ఆ బరువు చాలా తగ్గుతుంది. ట్రైలర్‌ను ఒకసారి లోతుకు దించి తడిపి, మళ్ళీ పైకి లాగి సరైన చోట నిలపడం నాకు అలవాటు.

లోతునీళ్ళు
మూడోమోకు గారు చెప్పినది సెంటర్‌బోర్డ్ పడవలకు సరిపోతుంది గాని, దానిని అందరికీ సూత్రంలా చెప్పకూడదు. నాది స్థిరమైన ఫిన్ కీల్ (అడుగున రెక్కలా బిగించిన, ఎత్తడానికి వీలులేని పలక) ఉన్న పడవ. కీల్ అడుగు ట్రైలర్ మధ్యనున్న గాడిలోకి దిగాలంటే నాకు మీటరుకు పైగా నీళ్ళు కావాలి, అందుకోసం బండికి తగిలించే ట్రైలర్ ముందు కడ్డీని పొడిగించుకున్నాను. నేను బంకులను పైకి కనబడనిస్తే పడవ ట్రైలర్ దాకా చేరనే చేరదు. మాలాంటి వారికి లోతు తగ్గించడం అన్న దారి లేదు. మేము ట్రైలర్ పక్క స్తంభాల మీద, తాళ్ళ మీద ఆధారపడవలసిందే.

మూడోమోకు
ఒప్పుకుంటున్నాను. నేను చెప్పినది ఎత్తగలిగే సెంటర్‌బోర్డ్ ఉన్న పడవలకే వర్తిస్తుంది.

బరువులెక్క
గాలి బలాన్ని కంటితో అంచనా వేయడంలోనే చాలామంది పొరబడతారు కాబట్టి లెక్క కట్టి చూపిస్తాను. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. కొత్తచుక్కాని గారి పడవ పక్క భాగం, మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం), దానికున్న తీగలు అన్నీ కలిపి గాలికి ఎదురయ్యే వైశాల్యం 8 చదరపు మీటర్లు అనుకుందాం. సెకనుకు 5 మీటర్ల గాలి, అంటే ఇంచుమించు 10 నాట్లు, దాని మీద దాదాపు 12 కిలోల బరువుతో నెడుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే 19 నాట్ల పైచిలుకు, అదే పడవను దాదాపు 50 కిలోల బరువుతో నెడుతుంది. నిన్న ఒక్క చేత్తో ఆపిన పడవ ఇవాళ ఇద్దరికి కూడా లొంగకపోవడానికి కారణం ఇదే. ఇందులో విసురుల సంగతి కలపలేదు. సగటు 18 నాట్లు అన్న రోజున విసురు వచ్చినప్పుడు 25 దాకా పోవడం మామూలే.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. ముక్కు వించ్ దగ్గర కట్టి ఉండగా ఆ 50 కిలోల తోపు పడవ మధ్యలో పనిచేస్తుందనుకుంటే, పడవ చివర పట్టుకున్న మనిషికి అందులో సగం, అంటే 25 కిలోలే తెలుస్తుంది. ముక్కు నుంచి పొడవులో నాలుగో వంతు దూరంలో పట్టుకున్న మనిషికి అదే తోపు 100 కిలోలై కూర్చుంటుంది. మీ అక్కగారు ఏ చోట నిలబడి నెట్టారో నాకు తెలియదు గాని, నడుము లోతులోనే ఉన్నారంటే ముక్కుకు దగ్గరగానే ఉండి ఉంటారు.

కొత్తచుక్కాని
అవును, ముక్కుకు సుమారు రెండు మీటర్ల దూరంలో నిలబడింది. అంతకంటే వెనక్కి వెళితే నీళ్ళు మెడ దాకా వస్తున్నాయి.

తెల్లనురగ
అందరూ లోతు గురించి, లెక్కల గురించి రాస్తున్నారు గాని, ఈ మొత్తం వృత్తాంతంలో నన్ను భయపెట్టిన వాక్యం వేరు. గాలి ఎడమ నుంచి వస్తూ ఉంటే మీ అక్కగారు కుడివైపున, అంటే పడవ ఏ వైపుకు వచ్చి పడబోతోందో ఆ వైపున, నీళ్ళలో నిలబడ్డారు. ఆమె వెనుక ట్రైలర్ పక్క స్తంభమో, రాతి గట్టో, మరో పడవో ఉండి ఉంటే 900 కిలోల పడవకూ దానికీ మధ్య ఆమె ఇరుక్కుపోయేవారు. పాచి పట్టిన ర్యాంప్ మీద కాలు జారితే మనిషి పడవ కిందికే పోతాడు. గాలి ఉన్న రోజున పడవను ఎప్పుడూ నెట్టకూడదు, గాలి వచ్చే వైపు నుంచి తాడుతో లాగి పట్టుకోవాలి. తాడు చేయి జారితే పడవ దూరంగా పోతుంది, అంతకంటే ఏమీ జరగదు. నెట్టే చేయి జారితే పడవ మనిషి మీదికే వస్తుంది.

మా బృందంలో ఒకరికి మణికట్టు విరిగింది ఇలాగే. పడవకూ ట్రైలర్ స్తంభానికీ మధ్య చేయి అడ్డం పెట్టి, గీత పడకుండా ఆపాలని చూశారు. గీత పడితే పూసుకోవచ్చు.

కొత్తచుక్కాని
ఈ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పడవకు గీత పడిందని ఇంత రాశాను గాని, అక్క నిలబడిన చోటు గురించి నాకు ఆలోచనే రాలేదు. ఆమెను ఇకమీదట ఆ వైపుకు వెళ్ళనివ్వను.

మూడోమోకు
తెల్లనురగ గారి మాటకు అనుబంధంగా ఒకటి చెబుతాను. మీ ర్యాంప్‌లో జెట్టీ గాలి వచ్చే వైపునే ఉంది కాబట్టి మీకు అనుకూలమే. పడవ వెనుక, గాలి వచ్చే వైపు క్లీట్‌కు (తాడు చుట్టి కట్టే కొమ్ముల కొక్కేనికి) పది పన్నెండు మీటర్ల తాడు కట్టి, రెండో కొసను జెట్టీ మీదున్న మనిషికి ఇవ్వండి. ఆ మనిషి తాడును చేతులతో బిగపట్టి నిలబడకూడదు. జెట్టీ మీది క్లీట్‌కు ఒక చుట్టు వేసి, కొసను చేత్తో పట్టుకుని, పడవ ముందుకు కదిలేకొద్దీ వదులుతూనో లాగుతూనో ఉండాలి. ఆ ఒక్క చుట్టు ఉంటే 25 కిలోల లాగుడును పదేళ్ళ పిల్లవాడు కూడా ఆపగలడు. తాడును మణికట్టుకు మాత్రం ఎప్పుడూ చుట్టుకోకూడదు.

నీలిఅల
జెట్టీ గాలి పోయే వైపున ఉంటే ఏం చేయాలి? మా ర్యాంప్‌లో అలాగే ఉంది.

లోతునీళ్ళు
అప్పుడు పడవ జెట్టీకి అతుక్కుపోతుంది. దానిని అలాగే అతుక్కోనిచ్చి, రాపిడి తగలకుండా ఫెండర్లు అనే మెత్తలు మూడు నాలుగు వేలాడదీసి, జెట్టీ అంచు వెంబడే మెల్లగా ముందుకు జరిపించడం ఒక పద్ధతి. ట్రైలర్‌ను కూడా జెట్టీకి దగ్గరగా, సమాంతరంగా దించుకోవాలి. అంతకంటే మంచి పద్ధతి ఏమిటంటే, పడవ వెనుక నుంచి గాలి వచ్చే వైపుకు చిన్న లంగరు వేసి, ముందుకు వెళ్ళేకొద్దీ దాని మోకును వదులుతూ రావడం. లంగరు మనిషిలా అలసిపోదు. పని అయ్యాక దానిని వెనక్కి లాక్కోవడం కొంత ఇబ్బందే, మోటారు పంకాకు మోకు చుట్టుకోకుండా కూడా చూసుకోవాలి, కాబట్టి రద్దీగా ఉన్న రేవులో ఈ పని చేయకండి.

రేవుకాపరి
ట్రైలర్ వెనుక చివర రెండు నిలువు స్తంభాలు ఉన్నాయా? ఎవరూ అడగలేదు. ప్లాస్టిక్ గొట్టం తొడిగిన ఇనుప స్తంభాలు, పడవ అంచుకంటే ఎత్తుగా, రెండు పక్కలా నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా బిగిస్తే సగం బాధ తీరుతుంది. ట్రైలర్ మొత్తం నీళ్ళలో మునిగినా అవి పైకి కనబడతాయి కాబట్టి చుక్కాని పట్టుకున్నవారికి గురి దొరుకుతుంది. పడవ గాలి పోయే వైపు స్తంభానికి ఆనుకున్నా పరవాలేదు, అది జారుతూనే ముందుకు పోతుంది. కాని ఆ స్తంభాలు పడవ బరువును ఆపడానికి చేసినవి కావు. విసురులో అడ్డంగా వచ్చి గుద్దితే వంగిపోతాయి.

కొత్తచుక్కాని
లేవు. వెంటనే బిగిస్తాను.

ఎర్రతెరచాప
ఇంత కష్టం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. గాలి పడవను తిప్పడానికి సమయం ఇవ్వకపోతే సరిపోతుంది. నేను మోటారు వేగం తగ్గించకుండా, గాలి వచ్చే వైపుకు రెండు మూడు మీటర్లు ఎడంగా గురి పెట్టి వస్తాను. ట్రైలర్ చేరే సమయానికి గాలి నన్ను మధ్యలోకి తెస్తుంది. ముక్కు ఆనగానే మోటారు ఇంకా పెంచి, పడవను వించ్ దాకా ఎక్కించేస్తాను. మొత్తం అర నిమిషం పని. చుక్కాని మాట వినాలంటే దాని మీదుగా నీళ్ళు పారాలి, నెమ్మదిగా వచ్చే పడవకు ఆ పారుదలే ఉండదు.

రేవుకాపరి
మీ మాటలో మొదటి సగం నిజం. చుక్కాని పనిచేయాలంటే వేగం కావాలి, గాలి వచ్చే వైపుకు ఎడంగా గురి పెట్టాలి, ఈ రెంటినీ నేనూ పాటిస్తాను. రెండో సగంతో మాత్రం ఏకీభవించలేను. ముక్కు ఆనిన తరువాత మోటారు పెంచితే పంకా తోసే నీరు ర్యాంప్ చివర మట్టిని తవ్వేస్తుంది. కాంక్రీటు పలక అంచు కింద గుంత పడుతుంది, తవ్విన మట్టి ఇంకాస్త వెనుక దిబ్బలా పేరుకుంటుంది. మా రేవులో నీళ్ళు తగ్గిన వేసవిలో ఆ అంచును నేను కళ్ళారా చూశాను. పలక చివర కింద మోకాలి లోతు ఖాళీ ఉంది, లోపలి నుంచి ఇనుప కడ్డీలు బయటికి వచ్చి ఉన్నాయి. అంతకు వారం ముందే ఒకాయన ట్రైలర్ చక్రాలు ఆ అంచు దాటి కిందికి దిగిపోయి ఇరుసు పలకకు పట్టేసింది. పడవతో సహా దానిని పైకి లాగలేక పూట గడిచిపోయింది. చాలా రేవుల్లో ఈ పద్ధతిని నిషేధించింది ఇందుకే.

అంతేకాక, ట్రైలర్ దగ్గర మనిషి నీళ్ళలో ఉండగా పంకా తిరగడం నేను సహించను. ముక్కు ఆనింది, కొక్కెం తగిలింది అంటే మోటారు ఆపి పైకి ఎత్తేయాలి.

ఎర్రతెరచాప
గుంత సంగతి నాకు తెలియదు. మా ర్యాంప్ రాతి నేల మీద ఉంది కాబట్టి అక్కడ ఈ బాధ కనబడలేదు. ఇతరుల రేవుకు వెళ్ళినప్పుడు వించ్‌తోనే లాగుతాను. వేగం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. గాలిలో మరీ మెల్లగా వచ్చే పడవ దారి తప్పుతుంది.

బరువులెక్క
వేగం గురించి ఎర్రతెరచాప గారితో నేను ఏకీభవిస్తాను, అయితే ఒక హద్దు ఉండాలి. వడిగా నడిచే మనిషి వేగం దాటకూడదు. 900 కిలోల పడవను ఆపే శక్తి, దాని ముక్కు ఆనే వించ్ స్తంభం రబ్బరుకు లేదు.

పాతలంగరు
సెంటర్‌బోర్డ్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. దానిని పూర్తిగా ఎత్తేసిన పడవ నీటి మీద ఎండుటాకులా పక్కకు జారుతుంది. యాభై మీటర్ల ముందే ఎత్తేయడం వల్లనే కొత్తచుక్కాని గారి పడవ గాలి చేతికి చిక్కింది. ట్రైలర్ వెనుక అంచును ముక్కు దాటబోయే క్షణం వరకు బోర్డును మూడో వంతైనా దింపి ఉంచండి. బోర్డును ఎత్తే తాడు చేతిలోనే ఉంచుకుని, ముక్కు రెండు స్తంభాల మధ్యకు రాగానే ఒక్క లాగుతో ఎత్తండి. ఎంత తాడు లాగితే బోర్డు ఎంత పైకి వస్తుందో తాడు మీద రంగు పూసి గుర్తు పెట్టుకుంటే కిందికి వంగి చూడవలసిన పని ఉండదు. చుక్కాని పలకను కూడా అప్పుడే ఎత్తాలి, మరిచిపోతే అది ర్యాంప్‌కు తగిలి విరుగుతుంది.

డింగీప్రేమి
మావి మోటారు లేని చిన్న డింగీలు, అందుచేత కథ కొంత వేరు. మేము తీరానికి రాకముందే పడవ ముక్కును గాలికి ఎదురు నిలిపి పెద్ద తెరచాపను దించేస్తాం, చిన్న ముందు తెరచాపతో మెల్లగా వస్తాం, చివరి ఇరవై మీటర్లు తెడ్డుతోనే. తెరచాప ఎత్తి ఉన్న పడవను ట్రాలీ మీదికి ఎక్కించడానికి ఎవరూ ప్రయత్నించకూడదు. గాలి ఒక్కసారి వెనుక నుంచి పట్టిందంటే బూమ్ (తెరచాప అడుగు అంచుకు ఉండే అడ్డకొయ్య) తల ఎత్తున తిరిగి కొడుతుంది. ట్రాలీని నీళ్ళలో గాలికి ఎదురుగా తిప్పి పెట్టుకోగలగడం మాకున్న సౌకర్యం. పడవ గాలికి ఎదురుగా ఉన్నంతసేపు పక్కతోపు ఉండదు. పెద్ద పడవల వారికి ర్యాంప్ ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కే గతి.

నీలిఅల
మాస్ట్‌ను ఎప్పుడు దించాలి? నీళ్ళలో ఉండగానే దించితే గాలికి ఎదురయ్యే వైశాల్యం తగ్గుతుంది కదా?

పాతలంగరు
తగ్గేది కొంచెమే, ప్రమాదం చాలా ఎక్కువ. పక్కగాలిలో ఊగే పడవ మీద మాస్ట్‌ను దించబోతే అది సగం వాలాక పక్కకు పడిపోతుంది, దాని పాదం దగ్గర ఇరుసు విరుగుతుంది. పడవను ట్రైలర్ మీద కట్టిన తరువాత, బండిని తిప్పుకుని పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలిపి, అప్పుడు దించండి. ర్యాంప్ నుంచి ఆ చోటికి వెళ్ళే దారిలో కరెంటు తీగలు ఏమైనా ఉన్నాయేమో ముందు రోజే, పడవ లేకుండా నడిచి వెళ్ళి తలెత్తి చూసుకోండి. అల్యూమినియం మాస్ట్ కరెంటును నేరుగా కిందికి తెస్తుంది. దారిలో తీగలు ఉంటే మాత్రం బండి కదపకుండా ర్యాంప్ పైభాగంలోనే దించాలి, వెనుక ఎంతమంది వేచి ఉన్నా సరే.

తెల్లనురగ
వించ్ గురించి ఒక హెచ్చరిక. లాగుతున్నంతసేపు, చక్రం వెనక్కి తిరగకుండా ఆపే పన్ను టకటకమని పడుతున్న చప్పుడు వినబడాలి. ఆ చప్పుడు ఆగిన వించ్ పిడిని వదిలితే అది గిర్రున వెనక్కి తిరిగి వేళ్ళను విరగ్గొడుతుంది. పట్టీకి సూటిగా ఎవరూ నిలబడకూడదు. పడవ పైకి రాగానే ముక్కు కొక్కేనికి గొలుసు కూడా తగిలించాలి, పట్టీ ఒక్కదాన్నే నమ్మకూడదు.

మూడోమోకు
ఇంకొకటి చాలామంది గమనించరు. ఎక్కించాక బండిని ఒక్కసారిగా పైకి లాగేయకండి. పడవ వెనుక సగం ఇంకా తేలుతూ ఉండగానే ఒక మీటరు మాత్రం ముందుకు లాగి, ఆపి, దిగి, వెనుక నుంచి చూడండి. పడవ మధ్యరేఖ ట్రైలర్ మధ్యరేఖ మీద లేకపోతే మళ్ళీ వెనక్కి దించి సరిచేయాలి. నీళ్ళలో ఉండగా ఒక చేతి పని, నీళ్ళు దాటాక పదిమంది పట్టినా కదలదు. అలలు ఉన్న రోజున ఈ మీటరు దూరాన్ని ఆలస్యం చేయకుండా లాగాలి, ఎందుకంటే ప్రతి అల వెనుక భాగాన్ని ఎత్తి బంకు మీద పడేస్తుంది.

వాలు మీద ముక్కు రబ్బరుకు ఆని ఉన్న పడవ, బండి చదునైన చోటికి రాగానే బంకుల మీద సర్దుకుని నాలుగు వేళ్ళ ఎడం చూపిస్తుంది. భయపడవద్దు, అక్కడ మళ్ళీ వించ్‌ను రెండు పళ్ళు తిప్పి బిగించండి. బిగించకుండా రోడ్డెక్కితే బరువు వెనక్కి పడి, వేగంలో ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది.

పాతలంగరు
అందరూ ఎలా ఎక్కించాలో చెప్పారు. ఎక్కించకుండా ఉండడం కూడా చేతనవ్వాలి. పగటి ఎండకు పుట్టే గాలి చాలా చోట్ల సాయంత్రానికి తగ్గుతుంది. 18 నాట్ల గాలి సూర్యాస్తమయం వేళకు 8కి పడిపోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఆకాశంలో మబ్బుల వరుస వస్తోందంటే అది వేరే మాట, అప్పుడు వేచి ఉంటే గాలి ఇంకా పెరుగుతుంది. మామూలు ఎండ రోజు అయితే గాలి మరుగున లంగరు వేసుకుని రెండు గంటలు కూర్చోండి. వేచి ఉండలేని పరిస్థితి అయితే, జెట్టీకి పడవను కట్టి పది నిమిషాలు గాలిని గమనించండి. విసురుకూ విసురుకూ మధ్య తెరిపి ఎంతసేపు ఉంటుందో తెలుస్తుంది. విసురు దాటిపోగానే, నీటి మీద నల్లటి ముడతలు వెళ్ళిపోయి నునుపు తిరిగి రాగానే బయలుదేరాలి.

ఎర్రతెరచాప
పాతలంగరు గారు చెప్పిన ఆ నల్లటి ముడతలను చూడడం నేను కూడా ఆలస్యంగా నేర్చుకున్నాను. విసురు మనల్ని తాకడానికి ముందే నీటి మీద కనబడుతుంది, అది చాలా విలువైన సూచన.

నీలిఅల
గీత పడిన చోటును వదిలేయకండి. గోరు దిగుతోందంటే పైపూత దాటి లోపలి పొర దాకా పోయి ఉండవచ్చు, దానిలోకి నీరు చేరుతుంది. బాగా ఆరనిచ్చి, అంచులు గీకి, పూత వేసిన తరువాతే నీళ్ళలోకి దించండి. ఆ మడ్‌గార్డు బోల్టు తలను కూడా లోపలివైపుకు తిప్పి బిగించండి.

కొత్తచుక్కాని
మూడు వారాల తరువాత రాస్తున్నాను. గీతకు పూత వేశాను, బోల్టు తిప్పి బిగించాను, ట్రైలర్ వెనుక రెండు స్తంభాలు నిలిపాను. నిన్న మళ్ళీ అదే రేవు, అదే వైపు గాలి, జెట్టీ మీది గాలికొలత 15 నుంచి 17 నాట్లు చూపించింది. సాయంత్రం దాకా ఆగితే తగ్గేదే గాని, మీరు చెప్పినవన్నీ పరీక్షించి చూడాలన్న కోరికతో ఆగలేదు.

ముందు ట్రైలర్ దీపాల ప్లగ్గు తీసి, చక్రాల ఇరుసులు చల్లారేదాకా ఆగి, బంకులు తడిపి, ముందు చివర జానెడు పైకి కనబడేలా నిలిపాను. బండికి చేతి బ్రేకు వేసి, చక్రాల కింద దిమ్మెలు పెట్టాను. అక్క జెట్టీ మీదే ఉంది. వెనుక క్లీట్‌కు కట్టిన తాడు కొసను తీసుకుని, జెట్టీ క్లీట్‌కు ఒక చుట్టు వేసుకుని నిలబడింది. నేను నీటి మీద నల్లటి మరక దాటిపోయేదాకా చూసి బయలుదేరాను. బోర్డు మూడో వంతు దింపే ఉంచాను. ఎడమ స్తంభానికి రెండు మీటర్లు ఎడంగా గురి పెట్టాను. గాలి నన్ను మధ్యలోకి తెచ్చింది, ముక్కు బంకుల మధ్య ఆనగానే బోర్డు ఎత్తాను, మోటారు ఆపి పైకి లేపాను. నేను ముక్కు మీదుగా దిగి కొక్కెం తగిలించేలోపు మరో విసురు వచ్చింది. పోయినసారి పడవ తిరిగిపోయిన క్షణం అదే. ఈసారి వెనుక భాగం కొంచెం దూరం జరిగి, కుడి స్తంభాన్ని తాకకముందే తాడు బిగుసుకుని ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అక్క ఒక చేత్తో తాడు కొస పట్టుకుని, రెండో చేత్తో మొహం మీద పడిన జుట్టు సర్దుకుంటోంది.

ఒక మీటరు లాగి, దిగి చూశాను. పడవ రెండు వేళ్ళ మేర కుడికి ఉంది. మళ్ళీ దించి, తాడు కాస్త లాగించి, సరిచేశాను. చదునైన చోటికి రాగానే మూడోమోకు గారు చెప్పినట్టే నాలుగు వేళ్ళ ఎడం కనబడింది, బిగించాను. మొదటి నుంచి చివరి దాకా పదిహేను నిమిషాలు పట్టింది.

తెల్లనురగ
మీ అక్కగారు తడవలేదు కదా?

కొత్తచుక్కాని
కాళ్ళ చెప్పులు కూడా తడవలేదు. వచ్చేసారి చుక్కాని తానే పడతానని, తాడు నన్ను పట్టుకోమని అంటోంది.